మధ్యన నిలబెట్టిన బిడ్డ ఏ వాడ బిడ్డ?

తెలుగునాట క్రైస్తవం గురించి ఇప్పటిదాకా రెండు రకాల చరిత్రలు రాశారు. ఒకటి మిషన్ల చరిత్ర. ఏ దొర ఏ సంవత్సరం వచ్చాడు, ఏ ఊళ్లో ఎంతమందికి బాప్తిస్మమిచ్చాడు, ఎన్ని గుళ్లు కట్టాడు అన్న లెక్కలు అందులో ఉంటాయి. రెండోది దాన్ని ఎద్దేవా చేసే చరిత్ర. కరువులో గింజల కోసం, పిల్లల చదువుల కోసం మాలమాదిగలు మతం అమ్ముకున్నారంటుంది. రెండింట్లోనూ పిల్లలున్నారు. మొదటిదాంట్లో దొరసాని చుట్టూ ఫోటోలో వరసగా కూచుని ఉంటారు. రెండోదాంట్లో గాలానికి గుచ్చిన ఎరగా ఉంటారు. ఆ పిల్లల రోజు అంతకుముందు ఎట్లా గడిచేది, తరవాత ఏం మారింది, బిడ్డ గురించి క్రైస్తవం చెప్పే మాట మా గూడేల్లోకి వచ్చాక ఏమైంది అన్న ప్రశ్న మాత్రం ఏ చరిత్రలోనూ కనిపించదు. మేం ఇక్కడ ఆ ప్రశ్ననే పట్టుకుంటున్నాం.

ముందు ఆ మాట ఏందో చూద్దాం. పరలోక రాజ్యంలో ఎవరు గొప్ప అని శిష్యులు అడిగితే యేసు ఒక చిన్నపిల్లను పిలిచి వాళ్ల మధ్యన నిలబెట్టినట్టు మత్తయి సువార్తలో ఉంది. పిల్లల్ని ఆయన దగ్గరికి తెచ్చినవాళ్లను శిష్యులు గద్దిస్తే ఆయన శిష్యుల మీదే కోపపడినట్టు మార్కు రాశాడు. ప్రసంగాల్లో ఈ కథలకు మామూలుగా వినిపించే అర్థం ఒకటే. పిల్లలు అమాయకులు, కల్మషం లేనివాళ్లు, కాబట్టి మనమూ అట్లా ఉండాలి. ఈ అర్థం నిండు కడుపుల మీద పుట్టింది. ఆ కాలపు రోమన్ చట్టంలో తండ్రికి పిల్లల ప్రాణం మీద కూడా అధికారం ఉండేది. అక్కర్లేదనుకున్న పసికందును బయట పారేసేవాళ్లు. దాన్నెవరూ నేరమనుకోలేదు. ఇంకో సంగతి. గ్రీకులో 'పైస్' అనే మాటకు పిల్లవాడు అని ఒక అర్థం, దాసుడు అని ఒక అర్థం. శతాధిపతి తన ఇంట్లో జబ్బుపడ్డవాణ్ణి బాగుచెయ్యమని అడిగే కథలో మత్తయి ఈ మాటే వాడతాడు. వాడు కొడుకో పనివాడో మాటను బట్టి తేల్చలేం. అదే కథను లూకా చెప్పేటప్పుడు నేరుగా దాసుడనే మాట వాడాడు. అంటే ఆ సమాజంలో పిల్లాడు, బానిస ఒకే గాట కట్టినవాళ్లు. ఇద్దరికీ సొంత మాట లేదు, సొంత ఆస్తి లేదు, పిలిస్తే పలకడం ఒక్కటే వాళ్ల పని. అట్లాంటివాణ్ణి తీసుకొచ్చి మధ్యన నిలబెట్టడమంటే అమాయకత్వాన్ని మెచ్చుకోవడం కాదు. లెక్కలో లేనివాణ్ణి లెక్కకు మొదట పెట్టడం.

ఇది మా వాడల్లో అర్థం కావడానికి గ్రీకు అక్కర్లేదు. అరవై యేళ్ల మాదిగ పెద్దను పన్నెండేళ్ల కామందు కొడుకు 'ఒరే' అని పిలిచేవాడు. ఆ ముసలాయన పిల్లాణ్ణి 'అయ్యా' అనో 'దొరా' అనో పిలవాలి. అంటే మా తాతలు చచ్చేదాకా ఊరికి పిల్లలే. మరి అసలు పిల్లల సంగతి? ఏడెనిమిదేళ్లు రాగానే పసులకాపరి. తండ్రి చేసిన అప్పుకింద కొడుకు జీతం. ఆడపిల్లయితే పేడకళ్లు, చంటిపిల్లల్ని ఎత్తుకోవడం. వయసు చూస్తే బిడ్డ, పని చూస్తే పాలేరు. బాల్యం ఉండదు, కానీ ముసలితనం వచ్చినా పెద్దరికం రాదు. కులం మామీద చేసిన దౌర్జన్యాల్లో ఇదొకటి. దీన్ని చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు, ఎందుకంటే ఇది ఏ శాసనంలోనూ రాసి ఉండదు, పిలుపులో ఉంటుంది.

ఇట్లాంటి దేశంలోకి మిషన్లు వచ్చాయి. వచ్చినవాళ్లు మొదట మధ్యన నిలబెట్టింది ఎవరి బిడ్డను?

చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో బందరు చేరారు. 1843లో నోబుల్ అక్కడ ఇంగ్లీషు బడి పెట్టాడు. అదే తరవాత నోబుల్ కాలేజీ అయింది. కలకత్తాలో అలెగ్జాండర్ డఫ్ 1830 నుంచి నడిపిన పద్ధతే ఇక్కడా. పై కులాల కుర్రాళ్లకు చదువు చెబితే వాళ్లు మారతారు, వాళ్లనుంచి మతం కిందికి కారుతుంది అన్నది లెక్క. అందుకని నోబుల్ తన బడిలో అంటరాని కులాల పిల్లల్ని, తోలుపని చేసేవాళ్ల పిల్లల్ని, పాకీపనివాళ్ల పిల్లల్ని చేర్చుకోలేదు. ఇది మరుపులో జరిగింది కాదు, ఆయన తెలిసి పెట్టుకున్న నియమం. తొమ్మిదేళ్లు కాపు కాసి 1852లో ఒక బ్రాహ్మణ కుర్రాడికీ ఒక వెలమ కుర్రాడికీ బాప్తిస్మమిస్తే పట్నం అట్టుడికిపోయింది, బడి దాదాపు ఖాళీ అయింది. మళ్లీ నిండింది కూడా, ఎందుకంటే కుంపినీ కొలువులకు ఇంగ్లీషు కావాలి. 1865లో బందరులోనే కన్నుమూసేదాకా నోబుల్ స్వదేశం పోలేదు. ఆయన నిబద్ధతను మేం తక్కువ చెయ్యడంలేదు. ఆయన చదివిన సువార్తలో శిష్యులు పిల్లల్ని అడ్డుకున్న కథ ఉంది. ఆయన బడి గుమ్మం దగ్గర ఆ శిష్యుల పని ఆయనే చేశాడు.

అంబేద్కర్ ఈ సంగతిని మొహమాటం లేకుండా రాశారు. మిషనరీల విద్యాసంస్థల మీద పోసిన డబ్బంతా పై కులాల హిందువుల పిల్లలకు ఉపయోగపడిందనీ, క్రైస్తవులైన అంటరానివాళ్లకు దక్కింది తక్కువేననీ ఆయన లెక్కతేల్చారు. ఆయన బతికుండగా అచ్చుకాని ఈ వ్యాసాలు 1989లో ఆయన రచనల అయిదో సంపుటంలో వచ్చాయి. మన పాస్టర్లలో వాటిని చదివినవాళ్లు ఎందరున్నారో అడిగి చూడండి.

కిందికి కారుతుందనుకున్నది కారలేదు. మతం కిందనుంచే వచ్చింది, అదీ వెతుక్కుంటూ. 1859లో రాఘవాపురం మాల వెంకయ్య తనే బెజవాడ పోయి డార్లింగ్ అనే మిషనరీని కలుసుకున్నాడు. 1866లో తాళ్లకొండపాడు మాదిగ యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. పేరయ్య అప్పటికే రాజయోగం నేర్చుకున్నవాడు, వెతికి వెతికి వచ్చినవాడు. ఈ ఇద్దరినీ ఎవరూ బడిలో కూచోబెట్టి మార్చలేదు. వీళ్లను 'ఏమీ తెలియని పిల్లలు' అనడానికి ఎవరికీ హక్కులేదు.

అదే 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ కథ మా వాడల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒంగోలు బ్రాహ్మలు తమ పిల్లలకు బడి కావాలని అడిగితే ఆయన సంతోషంగా పెట్టాడు. ఈలోగా పల్లెలనుంచి మాదిగలు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లల్ని పంపం అని పెద్దలు కబురుపెట్టారు. క్లఫ్ ఒకచోట, ఆయన భార్య హారియెట్ ఒకచోట ఏం చెయ్యాలో తెలియక బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు కనపడిందట. లోకం నీచమనుకున్నవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగం అది. పై కులాలవాళ్లు పిల్లల్ని మాన్పించుకున్నారు. ఈ కథను క్లఫే తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. అద్భుతం సంగతి అట్లా ఉంచండి. దీని చారిత్రక సారం ఏందంటే, రెండు వాడల పిల్లల్నీ ఒకే కప్పుకింద కూచోబెట్టడం కుదరదని ఊరు చెప్పినప్పుడు బందరులో ఒక జవాబు వచ్చింది, ఒంగోలులో ఇంకో జవాబు వచ్చింది. దేవుడు ఒకడే, పుస్తకం ఒకటే.

1876-78 ధాతుకరువులో క్లఫ్ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని జనానికి కూలి చూపించాడు. గింజల కోసం వస్తున్నారన్న మాట రాకుండా కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తరవాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 'గింజల క్రైస్తవులు' అని రాసేవాళ్లు ఈ తారీఖుల వరసను చూడరు. ఆ 2,222లో చంకబిడ్డలు లేరు. బాప్టిస్టుల సిద్ధాంతం ప్రకారం తనంత తాను విశ్వాసం ఒప్పుకోగల వయసు వస్తేనే బాప్తిస్మం. గుంటూరులో 1842 నుంచి పనిచేసిన లూథరన్లకు, బందరు ఆంగ్లికన్లకు, రోమన్ కేథలిక్కులకు పసిబిడ్డకే బాప్తిస్మం. ఈ తేడా వెనక పెద్ద చరిత్ర ఉంది. బిడ్డ పాపంతోనే పుడుతుందనీ, బాప్తిస్మం లేకుండా చస్తే రక్షణ లేదనీ అయిదో శతాబ్దంలో అగస్టీను వాదించాడు. 1525లో స్విట్జర్లాండులో కొందరు పసిపిల్లల బాప్తిస్మాన్ని తోసిపుచ్చారు. అందుకు వాళ్లను నీళ్లలో ముంచి చంపారు కూడా. యూరపులో రక్తం పారిన ఈ తగువు మా గూడేల్లోకి వచ్చేసరికి పాపం సంగతిగా కంటే పేరు సంగతిగా మారింది.

పేరు చిన్న విషయం కాదు. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో పెంటమీద పొర్లించి పెంటయ్య అని పిలుచుకోవడం చాలా కులాల్లో ఉంది. కానీ పై కులాల పెంటయ్య పెంటయ్యగారవుతాడు. మా పెంటయ్య పెంటిగాడవుతాడు. బాప్తిస్మంతో సమూయేలు, దానియేలు, రూతు, మరియమ్మ వచ్చాయి. ఊరు వాటినీ వదల్లేదు, సామేలుగాడు, దానేలుగాడు చేసింది. అయినా ఒక తేడా వచ్చింది. గుడి రిజిస్టర్లో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, తారీఖు సిరాతో రాశారు. కరణం లెక్కల్లో భూమి ఉన్నవాడి పేరే ఉంటుంది. ఎన్నో కుటుంబాలకు బిడ్డ పుట్టినట్టు దొరికే మొదటి రాత ఆ రిజిస్టరే. కెనడియన్ బాప్టిస్టు బళ్లలో చదివి టీచర్లయిన ఒక మాల దంపతులు తమ కొడుక్కి మిషనరీ విలియం కేరీ పేరు పెట్టుకున్నారు. ఆ కేరీ అన్నే శివసాగర్‌గా మనందరికీ తెలిసిన కె.జి.సత్యమూర్తి. ఈ కుటుంబ కథను సుజాత గిడ్ల 2017లో వచ్చిన తన ఇంగ్లీషు పుస్తకంలో రాశారు. కేరీ పేరు పెట్టుకున్న ఇంట్లోనుంచే విప్లవ కవి వచ్చాడన్నది గుర్తుపెట్టుకోదగ్గ సంగతి.

ఇక బడి. గూడెంలో బడీ గుడీ చాలాచోట్ల ఒకే పాక. పంతులు కూడా మా వాడే, వారమంతా అక్షరాలు చెప్పి ఆదివారం వాక్యం చెప్పేవాడు. పగలు పిల్లలు పసుల వెంట పోతారు కాబట్టి రాత్రిబళ్లు పెట్టారు. పిల్లాణ్ణి బడికి పంపడమంటే వాడి జీతం వదులుకోవడం, కామందుతో తగువు పెట్టుకోవడం. క్రైస్తవులైనవాళ్లకు క్లఫ్ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పనిచెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వీటిలో కామందుకు కడుపుమండింది మొదటిదానితో. మూడో నియమం గురించి పండితులు పుస్తకాలు రాశారు. మొదటిదాని గురించి రాయలేదు. పసులకాపరి పిల్లాడికి చరిత్రలో దొరికిన మొదటి సెలవు అది. సండేస్కూలు పుట్టుక కూడా ఇట్లాంటిదే. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రేక్స్ మొదలుపెట్టిన ఆదివారపు బడి వారమంతా పనిచేసే కూలి పిల్లల కోసమే. ఆరోజు బైబిలుతోపాటు చదవడం నేర్పేవాళ్లు. ఇప్పుడు సండేస్కూలంటే రంగుల బొమ్మలు, కంఠత వాక్యాలు అయిపోయింది గానీ దాని పుట్టుక కూలిలో ఉంది.

1893 ఫిబ్రవరిలో మద్రాసు ప్రభుత్వం 68వ నంబరు జీవోతో పంచమ పిల్లల బళ్లకు గ్రాంటు పెంచింది. మిషన్లు అడగ్గా అడగ్గా వచ్చిన జీవో అది. బోర్డింగ్ స్కూళ్లు పెరిగాయి. ఆడపిల్లల సంగతి ఇక్కడ విడిగా చెప్పాలి. మాదిగ ఇళ్లలో ఆడపిల్లను మాతంగిగానో బసివిగానో దేవతకు వదిలే ఆచారం ఉండేది. పేరుకు దేవత పెళ్లాం, వాడుకునేది ఊరి పెద్దలు. క్రైస్తవం తీసుకున్న ఇళ్లలో ఇది ఆగాల్సి వచ్చింది. అదే ఈడు పిల్ల బోర్డింగుకు పోయి టీచరో నర్సో బైబిల్ ఉమనో అయింది. బసివి ఆచారాన్ని మద్రాసు ప్రభుత్వం 1947లో చట్టంతో నిషేధించింది. జోగిని వ్యవస్థ మీద ఆంధ్రప్రదేశ్ చట్టం రావడానికి 1988 దాకా పట్టింది. చట్టం కంటే ముందే గూడేల్లో కొందరు ఆడపిల్లలకు పలక దొరికింది. మేం మిషన్లను ఎంత విమర్శించినా ఈ ఒక్కదాని దగ్గర ఆగి దండం పెట్టాల్సిందే.

అయితే ఆ బడిలో నేర్పింది ఏమిటి? ఇక్కడే అసలు చిక్కుంది. బైబిల్లో బిడ్డ రెండు చోట్ల కనపడతాడు. ఒకచోట యేసు పక్కన, మధ్యన నిలబడి. ఇంకోచోట ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో. అక్కడ పిల్లలు తల్లిదండ్రులకు లోబడాలని ఉంటుంది, నాలుగు వాక్యాలు దిగగానే దాసులు యజమానులకు లోబడాలని ఉంటుంది. మళ్లీ అదే జంట. సువార్తలో పిల్లాడు-దాసుడు జంట తలకిందులైంది, పత్రికలో తిరిగి నిలబడింది. మిషన్ బడి పిల్లలకు ఎక్కువగా నేర్పింది రెండోదే. లోబడు, శుభ్రంగా ఉండు, ఎదురుచెప్పకు. బోర్డింగు గంట, వరస, బెత్తం అన్నీ దాని చుట్టూ తిరిగాయి. పిల్లలకే కాదు, పెద్దలకూ అదే పాఠం. వాడలో పెద్దమనిషి మిషన్ కాంపౌండులో దొరగారి ముందు మళ్లీ బిడ్డే. ఊళ్లో 'ఒరే' పోయి కాంపౌండులో 'నా బిడ్డలారా' వచ్చింది. మాట మెత్తబడింది, ఎత్తు మారలేదు.

దీన్ని విమర్శించిన జాతీయవాదులు ఏమైనా మేలా అంటే అదీ లేదు. 1936లో జాన్ మాట్‌తో మాట్లాడుతూ గాంధీ హరిజనులకు మత విషయాలు తేల్చుకునే బుద్ధి లేదన్న అర్థంలో, ఆవుకు సువార్త చెబుతారా అని అడిగాడు. పేరయ్య పుట్టిన నేల గురించి ఆ మాట! మిషనరీ మమ్మల్ని ఎదగని బిడ్డ అన్నాడు, మహాత్ముడు నోరులేని గోవన్నాడు. సొంతంగా మతం ఎంచుకునే పెద్దమనిషిగా మమ్మల్ని చూసినవాడు అంబేద్కర్ ఒక్కడే.

క్రైస్తవ ఇంట పుట్టిన బిడ్డ బడిలో ఏం చూశాడో గుర్రం జాషువా జీవితం చెబుతుంది. 1895లో వినుకొండలో పుట్టాడు, తల్లి మాదిగ, తండ్రి యాదవ. బడిలో కులం పేర అవమానాలు పడ్డాడు. పెద్దయ్యాక పురాణ కథలు రాశాడని క్రైస్తవ పెద్దలు వెలివేశారు. అటు ఊరు, ఇటు గుడి రెండూ ఆయన్ని ఏ పంక్తిలో కూచోబెట్టాలో తేల్చుకోలేకపోయాయి. 1941లో గబ్బిలం వచ్చింది ఆ అనుభవంలోంచే.

స్వతంత్రం వచ్చాక ప్రభుత్వం ఈ బిడ్డ విషయంలో తన సొంత వేదాంతం మొదలుపెట్టింది. 1936 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోనే భారత క్రైస్తవుల్ని పక్కన పెట్టారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు లేదు. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనకబడిన తరగతుల జాబితాలో సి గ్రూపు పెట్టి, షెడ్యూల్డు కులాలనుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లను, 'వాళ్ల సంతానాన్ని' చేర్చి ఒక శాతం ఇచ్చింది. ఆ 'సంతానం' అన్న మాట దగ్గర ఆగి చూడండి. అగస్టీను చెప్పిన పాపం లాగే ఇదీ పుట్టుకతో వస్తుంది. మారింది తండ్రి, రాలిపోయింది బిడ్డ హక్కు. బాప్టిస్టులు బిడ్డకు తెలివి వచ్చేదాకా ఆగమన్నారు. సర్కారు ఆగలేదు.

1976లో సుప్రీంకోర్టు దాకా పోయిన గుంటూరు మెడికల్ కాలేజీ కేసు ఇదే. తల్లిదండ్రులు మాదిగలు, క్రైస్తవం తీసుకున్నారు. ఆ తరవాత పుట్టిన కొడుకు 1973లో హిందూమతంలోకి వచ్చి ఎస్సీగా సీటు అడిగాడు. ఇచ్చిన సీటు రద్దు చేశారు. పుట్టుకతో క్రైస్తవుడైనా, తిరిగి వచ్చినవాణ్ణి కులం తనవాడుగా ఒప్పుకుంటే అతను ఆ కులంవాడే అని కోర్టు తేల్చింది. చూశారా, ఆ కుర్రాడు మాదిగ అని చెప్పడానికి ఊళ్లో వాళ్లకు ఏనాడూ అనుమానం రాలేదు. అనుమానమంతా కాగితానిదే. మతం మారినవాళ్ల సంగతి చూడమని 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఆ ఏడాదే ఆగస్టులో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల అంతోని కార్డినల్ అయ్యారు, దళితుల్లో మొదటివాడు. కర్నూలు జిల్లా బిడ్డ. పేదరికం వల్ల ఏడో తరగతితో బడి ఆపేస్తే మిషనరీలు మళ్లీ చదివించారు. ఆయన లాగా ఏడో తరగతిలో ఆగి, ఎవరూ రాక, ఆగిపోయినవాళ్ల లెక్క ఏ గుళ్లోనూ లేదు.

ఈ కాగితాల మధ్య తల్లిదండ్రులు తమ దారి తాము వెతుక్కున్నారు. గుడి రిజిస్టర్లో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఒక పేరు. ఆదివారం సమూయేలు, సోమవారం శ్రీనివాసరావు. దీన్ని మోసమనేవాళ్లున్నారు. గుడిలోనూ ఉన్నారు, ఎమ్మార్వో ఆఫీసులోనూ ఉన్నారు. రెండు పేర్లు పెట్టాల్సిన అవసరం ఎవరు తెచ్చారన్నది వాళ్లు అడగరు. మా తరంలో యూనివర్శిటీ దాకా వచ్చిన చాలామందిమి ఈ రెండు పేర్ల పిల్లలమే.

పరిశోధనకు ఇప్పుడు అవసరమైంది ఆ రిజిస్టర్లే. అమెరికాలో, ఇంగ్లండులో దాచిన మిషన్ నివేదికల్లో దొరల మాట దొరుకుతుంది. పిల్లల పేర్లు మాత్రం పల్లెగుళ్లలో, బీరువాల్లో, పాత ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. చాలావాటికి చెద పట్టింది. ఈ పత్రిక చదివే విద్యార్థులు, టీచర్లు సెలవులకు ఇంటికి పోయినప్పుడు పాస్టరుగారిని అడిగి పాత బాప్తిస్మపు పుస్తకం బయటికి తీయించండి. బిడ్డ పేరు, తల్లి పేరు, తండ్రి పని అన్న గడులో ఏం రాశారో అన్నీ ఎత్తి రాసుకోండి. దాని పక్కన అదే ఊరి బడి అడ్మిషన్ రిజిస్టరు పెట్టి చూడండి. బాప్తిస్మం పుస్తకంలో ఉండి బడి రిజిస్టర్లో లేని పేర్ల జాబితా ముందుగా తయారుచెయ్యాలి.